బాతు గుడ్లు పొదిగించే ముందు ఇవి తేల్చుకోండి

ముందు మగ పిల్లల సంగతి. పుట్టినవాటిలో దాదాపు సగం మగవే ఉంటాయి, నాలుగైదు ఆడ బాతులకు ఒక్క మగది చాలు, మిగతావి ఎవరు తీసుకుంటారో గుడ్లు పొదగడానికి పెట్టకముందే మాట్లాడుకోండి.

మామూలు బాతు గుడ్డు పొదగడానికి 28 రోజులు, మస్కోవీ అనే రకం బాతు గుడ్డుకి 35. ఫ్యాన్ ఉన్న ఇంక్యుబేటర్‌లో (గుడ్లు పొదిగే పెట్టెలో) అన్ని రోజులూ 37.5 డిగ్రీలు నిలవాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పలాస వైపు రోజుల తరబడి కరెంటు లేదు కదా, అందుకే తుఫాన్ల కాలంలో శ్రీకాకుళంలో ఇంక్యుబేటర్ వద్దనే అంటాను. పొదుగుకొచ్చిన నాటుకోడి ఉంటే దాని కింద పెట్టండి, కాకపోతే అది కోడిగుడ్లకు పట్టే 21 రోజులు దాటాక కూడా ఓపిగ్గా కూర్చునే కోడి అయి ఉండాలి.

నీళ్ల గిన్నె పిల్ల ముక్కు రంధ్రాలు మునిగేంత లోతుండాలి, ఒళ్లు మునిగేంత కాదు. తల్లి బాతు లేని పిల్లల నూగు తడిసిపోయి చలికి చచ్చిపోతాయి, గిన్నెలో గులకరాళ్లు వేయండి. ఒంటరి పిల్లను మాత్రం పెంచొద్దు, తోడు లేక అరుస్తూనే ఉంటుంది.