మీ స్వభావం, మీ వ్యాపారం – మూడవ పాఠం: మొహమాటం లెక్క

పోయిన పాఠంలో ఇచ్చిన పని పూర్తయిందనుకుని మొదలుపెడుతున్నాను. అంటే స్వభావంలోని ఐదు ప్రధాన లక్షణాలను కొలిచే 120 ప్రశ్నల ఐపిఐపి–నియో పరీక్ష రాశారు, వచ్చిన అంకెలను ఒక కాగితం మీద ఎక్కించుకున్నారు, ఆ కాగితం ఇప్పుడు మీ ముందు ఉంది. ఇంకా రాయనివారు ముందు అది రాసి రండి. ఈ పాఠం చదివాక ఏ ప్రశ్న దేనికోసం అడుగుతున్నారో తెలిసిపోతుంది, ఆ తర్వాత ఇచ్చే జవాబులకు విలువ తగ్గుతుంది.

మనుషులను పదహారు రకాలుగా విడదీసే మైయర్స్–బ్రిగ్స్ పరీక్షను ఎందుకు వాడుకోవడం లేదన్న సందేహం చాలామందికి ఉంటుంది. అది మనిషిని అటో ఇటో తేల్చేస్తుంది. నిజానికి ఎక్కువమంది మధ్యలో ఉంటారు. అలాంటివారు కొన్ని వారాలకు మళ్లీ రాస్తే వేరే రకంగా తేలడం మామూలే. సరదాకైతే ఇబ్బంది లేదు గానీ, అప్పు తెచ్చి కొట్టు తెరవబోయేవారికి అది చాలదు. మీరు రాసిన ఐదు లక్షణాల పరీక్ష ఏ రకమో చెప్పదు, ఏ గుణం ఎంత మోతాదులో ఉందో చెబుతుంది. పైగా ఈ ప్రశ్నలు ఎవరి సొత్తూ కావు. లూయిస్ గోల్డ్‌బర్గ్ అనే మనస్తత్వవేత్త వీటిని అందరూ వాడుకునేలా వదిలిపెట్టారు. 120 ప్రశ్నల కూర్పు జాన్ జాన్సన్‌ది. కాబట్టి 'మీలోని వ్యాపారవేత్తను కనిపెడతాం' అంటూ వేలకు వేలు అడిగేవారి జోలికి వెళ్లనవసరం లేదు.

అంకెలు చదివే ముందు ఒక జాగ్రత్త. పరీక్ష చివర వచ్చే నివేదిక మిమ్మల్ని పోల్చేది మీ వీధిలోవారితో కాదు, ఎక్కువగా అమెరికాలో ఇదే పరీక్ష రాసినవారితో. అందుకని '70 వచ్చింది, నేను ఫలానా' అని ముద్ర వేసుకోకండి. ఒక్కో లక్షణం కింద ఆరు చిన్న గుణాలు, ఒక్కో గుణానికి ఒక గడి ఉంటాయి. ఆ 30 గడుల్లో ఏవి అన్నిటికంటే పైన ఉన్నాయి, ఏవి అడుగున ఉన్నాయి అన్నదే చూడండి.

ఇక అసలు విషయం. మన దగ్గర చిన్న వ్యాపారాలను ముంచేవాటిలో మొహమాటానిది పెద్ద వాటా అని నా గట్టి అభిప్రాయం. పోటీ, జీఎస్టీ, అద్దెలు వంటివాటి గురించి అందరూ మాట్లాడతారు. బాకీ అడగలేకపోవడం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే అది మంచితనంగా చెలామణీ అవుతుంది. నివేదికలో దీనికి విడిగా గడి లేదు. మూడు గడులు కలిపి చదివితేనే దొరుకుతుంది.

మొదటిది, 'కోఆపరేషన్'. సౌమ్యత కింద ఉండే ఆరు గడుల్లో ఇదొకటి. 120 ప్రశ్నల కూర్పులో ఇక్కడ అడిగేది గొడవలంటే ఇష్టమా, ఎదుటివారి మీద అరుస్తారా, అవమానిస్తారా, పగ తీర్చుకుంటారా అని. ఇందులో ఎక్కువ వస్తే మీరు తగాదాకోరు కాదని మాత్రమే అర్థం. బాకీ అడగలేరని కాదు. నెమ్మదిగా మాట్లాడుతూనే పైసాతో సహా వసూలు చేసే కిరాణా వ్యాపారులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

రెండోది, 'అసర్టివ్‌నెస్'. ఇది బహిర్ముఖత, అంటే కలివిడితనం కింద ఉంటుంది. పని తన చేతిలోకి తీసుకుంటారా, ఇతరులు ముందు నడిస్తే వెనక వెళ్తారా అన్నవి ఇక్కడి ప్రశ్నలు. మూడోది 'సెల్ఫ్ కాన్షస్‌నెస్'. ఆందోళనకు సంబంధించిన గడుల్లో ఉంటుంది. కొత్తవారిని పలకరించడం కష్టమా, నలుగురి దృష్టిలో పడాలంటే భయమా, స్నేహితుల మధ్యనే హాయిగా ఉంటుందా అని అడుగుతుంది.

మొదటి గడి పైన, రెండోది అడుగున, మూడోది పైన ఉంటే ఆ మనిషి మొహమాటస్థుడని దాదాపు చెప్పేయవచ్చు. మొదటి గడి ఎంత పైనున్నా రెండోది కూడా పైనే ఉంటే బెంగ లేదు. రెండోది మధ్యలో ఉండి మూడోది మాత్రమే బాగా పైన ఉందా? అలాంటివారు ఎదురుగా అడగలేరు, ఫోనులో సందేశం పంపమంటే తడుముకోకుండా పంపుతారు. ఈ తేడా ఈ పాఠం చివరికి వచ్చేసరికి పనికొస్తుంది.

కాగితం చెప్పినదాన్ని అంతటితో నమ్మవద్దు. మీ గురించి మీరు చెప్పుకున్నదే కదా అది! ఉద్యోగుల పనితీరు మీద జరిగిన పరిశోధనల్లో మనిషి తన గురించి తాను ఇచ్చుకున్న మార్కుల కంటే తోటివారు ఇచ్చిన మార్కులే పనికి దగ్గరగా ఉన్నట్టు తేలింది. కొట్లో అయితే పరీక్ష కూడా అక్కరలేదు. ఇద్దరు కూర్చునే కౌంటరు దగ్గర బేరమాడేవారు ఎవరి వైపు తిరుగుతారో గమనించండి. ఎవరు తగ్గిస్తారో వాళ్లకు మీకంటే ముందే తెలుసు.

ఆ తర్వాత అరువు పుస్తకం తీయండి. ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మే ఒకామె పుస్తకంలో పేజీ ఇలా ఉందనుకుందాం:

మూడో అంతస్తు వదిన – ఆవకాయ కిలో, గోంగూర అరకిలో – 750
టీచరుగారు – ఆవకాయ కిలో – 500
ఆడపడుచు స్నేహితురాలు, అమెరికా పార్సిలు – అన్నీ కలిపి 5 కిలోలు – 2,500
బస్టాండు మెస్సు – టమాట 3 కిలోలు – 1,500

మొత్తం 5,250 రూపాయల బాకీ. మామూలుగా లెక్క ఇక్కడితో ఆగుతుంది. ఇప్పుడు ప్రతి పేరు పక్కన మూడింట్లో ఒకటి రాయాలి: 'అడగలేదు', 'అడిగాను, గడువు చెప్పారు', 'అడిగాను, గడువు దాటింది'. టీచరుగారు ఒకటో తారీఖు అన్నారు. మెస్సు యజమాని చెప్పిన తేదీ దాటింది. వదినను, ఆడపడుచు స్నేహితురాలిని అసలు అడగనే లేదు. అంటే 5,250లో 3,250 రూపాయలు ఎవరూ ఎగ్గొట్టినవి కావు. నోరు తెరవక ఆగిపోయినవి.

కిలోకు 400 ఖర్చయి 500కు అమ్ముతోందనుకుంటే, ఆ అడగని ఆరున్నర కిలోల మీద ఆమె చేతి నుంచి పడినది 2,600. కిలోకు 100 మిగులుతుంది కాబట్టి ఆ సొమ్ము తిరిగి రావాలంటే మరో 26 కిలోలు అమ్మాలి. మామిడికాయలు కొట్టించడం, ఆవాలు ఎండబెట్టడం, జాడీలు కడగడం, అంతా 26 కిలోలకు మళ్లీ చేయాలి. ఇద్దరిని అడగలేనందుకు!

ఇలాంటివారికి 'గట్టిగా ఉండండి' అని సలహా ఇచ్చేవారి మీద నాకు నమ్మకం లేదు. యాభై ఏళ్ల స్వభావం ఒక ఉపన్యాసంతో మారదు. జావో, సైబర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో 23 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు సొంత వ్యాపారం చేసేవారిలో సౌమ్యత మేనేజర్ల కంటే సగటున తక్కువగా కనబడింది. దాన్ని పట్టుకుని 'వ్యాపారానికి కఠినత్వం కావాలి' అని బోధించేవారున్నారు. అది సగటు మాత్రమే, అర్హత పరీక్ష కాదు. అదే పరిశోధనలో బహిర్ముఖత విషయంలో రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. వ్యాపారానికి కలివిడితనం తప్పనిసరి అనుకునేవారు ఆ ముక్క కూడా చదవాలి.

మనిషిని మార్చే బదులు అడగాల్సిన క్షణాన్ని మార్చవచ్చు. సరుకు చేతికి ఇచ్చాక డబ్బు అడగడం కష్టం. ఆర్డరు తీసుకునేటప్పుడు చెప్పడం సులభం, ఎందుకంటే అప్పటికి ఎవరూ ఎవరికీ బాకీ లేరు. వాట్సాప్‌లో ఆర్డరు రాగానే వెళ్లే సందేశం ఒకటి ముందే రాసి పెట్టుకోండి:

'నమస్తే. మీ ఆర్డరు: ఆవకాయ 1 కిలో, గోంగూర అరకిలో. మొత్తం 750 రూపాయలు. డబ్బు అందిన మర్నాడు పార్సిలు బయలుదేరుతుంది.' కింద క్యూఆర్ కోడ్.

ఇందులో 'ఏమీ అనుకోకండి' లేదు, 'వీలున్నప్పుడు' లేదు. మొహమాటస్థులు రాసే ప్రతి సందేశంలోనూ ఆ రెండూ దూరిపోతాయి. అవి చదివినవారు నిజంగానే ఏమీ అనుకోరు, వీలున్నప్పుడే ఇస్తారు. వదినకైనా, కొత్తవారికైనా వెళ్లేది ఒకే సందేశం కాబట్టి ఇది మీ మాటగా కాక కొట్టు పద్ధతిగా కనిపిస్తుంది. 'ఈరోజు నగదు, రేపు అరువు' అని బోర్డు రాయించిన పాతకాలపు కిరాణా వ్యాపారి చేసిందీ ఇదే. అతని బదులు గోడ కాదంది.

బంధువుల దగ్గర ఏ పద్ధతీ పూర్తిగా నిలవదు, ఒప్పుకోవాల్సిందే. వారికోసం నెలకు కొంత మొత్తం, 1,000 అనుకోండి, విడిగా పెట్టండి. అందులోంచి ఇచ్చినది అరువు కాదు, పెట్టుబోతల కింద రాసుకోవాలి. అది అయిపోయాక వచ్చే ప్రతి ఆర్డరుకూ పై సందేశమే.

మెస్సులు, సూపర్‌మార్కెట్ల వంటి సంస్థలకు సరుకు వేసేవారికి చట్టం ఆసరా ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమగా ఉద్యమ్ నమోదు, అంటే ప్రభుత్వం దగ్గర చేసుకునే నమోదు ఉన్నవారికి కొనుగోలుదారు ఒప్పుకున్న తేదీకి చెల్లించాలి, ఆ గడువు 45 రోజులకు మించకూడదు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చొప్పున నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. తయారీ, సేవలవారికే ఈ రక్షణ. సరుకు కొని అమ్మే వర్తకులకు ఉద్యమ్ నమోదు ఉన్నా ఇది దక్కదు. పచ్చళ్లు తయారీ కిందికి వస్తాయి కాబట్టి ఆమె బిల్లు మీద ఉద్యమ్ సంఖ్య, గడువు తేదీ అచ్చు వేయించుకోవచ్చు. చివరిదాకా వెళ్లి ఫిర్యాదు చేసేవారు తక్కువే అయినా, బిల్లు మీద తేదీ ఉంటే అడిగేవారికి మాట మొదలుపెట్టడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

స్వభావానికీ వ్యాపారానికీ ముడిపెట్టే ప్రయత్నాల్లో పేరుపొందినదొకటి మన తెలుగువారి మీదే జరిగింది. హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ 1964లో కాకినాడ వ్యాపారులను హైదరాబాదులో చిన్న పరిశ్రమలవారికి శిక్షణ ఇచ్చే సియెట్ సంస్థకు రప్పించి శిక్షణ ఇచ్చారు. యూసుఫ్‌గూడలో ఇప్పుడు ని–ఎంఎస్ఎంఈ పేరుతో ఉన్నది ఆ సంస్థే. బొమ్మలు చూపించి కథలు రాయించడం అందులో ఒక భాగం. రింగులు విసిరే ఆట ఇంకొకటి: మేకుకు ఎంత దూరంలో నిలబడి విసరాలో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. మరీ దగ్గర నిలబడితే గెలుపులో రుచి లేదు, మరీ దూరమైతే అంతా అదృష్టం. సాధించాలన్న పట్టుదల ఉన్నవారు మధ్య దూరం ఎంచుకుంటారన్నది ఆయన సిద్ధాంతం. తర్వాతి ఏళ్లలో ఆయన బృందం ఆ వ్యాపారులు కొత్త పెట్టుబడి పెట్టారా, కొత్తగా పనివారిని పెట్టుకున్నారా అని ఆరా తీసి, శిక్షణ పొందనివారితో పోల్చింది. శిక్షణ పొందినవారే చురుగ్గా ఉన్నారని తేలింది. నాకు నచ్చేది చివరికి మార్కుల కాగితం పక్కన పెట్టి వ్యాపారాన్నే చూడటం.

సౌమ్యత గడులు బాగా అడుగున ఉన్నవారికి ఈ పాఠంలో పని తక్కువ. వారికి బాకీలు వసూలవుతాయి గానీ పనివారు నిలవరు. అరువు పుస్తకం బదులు హాజరు పుస్తకం తీసి, ఏడాదిలో ఎవరెవరు మానేశారో, వెళ్లేముందు ఏం జరిగిందో రాసి పెట్టుకోండి. దాని సంగతి ఐదో పాఠంలో చూద్దాం.

మిగతావారు వచ్చే పాఠానికి చేయాల్సినది: గడచిన మూడు నెలల బాకీలన్నిటికీ పైన చెప్పిన మూడు గుర్తుల్లో ఒకటి వేయండి. 'అడగలేదు' అన్నవాటిలో సులభమైన పేరూ వద్దు, ఆడపడుచు లాంటి కష్టమైన పేరూ వద్దు. కాకినాడవారి రింగుల ఆటలోలాగా మధ్య దూరంలో ఉన్న ఒక్క పేరు ఎంచుకుని, ఈ వారంలో అడగండి. 'సెల్ఫ్ కాన్షస్‌నెస్' గడి ఎక్కువగా ఉన్నవారు సందేశంతో అడగండి, ఫోను చేయనక్కరలేదు. 'అసర్టివ్‌నెస్' మరీ అడుగున ఉన్నవారు ఇంట్లో మరొకరి చేత అడిగించండి, అయితే ఏం అడగాలో అక్షరం పొల్లుపోకుండా మీరే రాసివ్వండి. జవాబు ఏం వచ్చిందో అదే పుస్తకంలో తేదీ వేసి రాయండి.

నాలుగో పాఠం క్రమశిక్షణ గడుల గురించి. దానికి మీ స్టాకు పుస్తకం కావాలి. అలాంటి పుస్తకమే లేనివారు, ఈరోజు అరల్లో ఉన్న సరుకు ఎంతో లెక్కపెట్టి ఒక తెల్లకాగితం మీద రాసుకున్నా చాలు.