అరవై దాటాక సైకిల్ – 4వ పాఠం: పెడల్ మీద పాదం

పోయిన పాఠంలో సీటు ఎత్తు సరిచేసుకోమన్నాను. చాలామంది చేశారు. మోకాలి చిప్ప దగ్గర నొప్పి తగ్గింది గానీ, ఇప్పుడు మోకాలి వెనక మడతలో లాగుతోందంటున్నారు. కంగారు పడకండి. సీటు మరీ కిందికుంటే నొప్పి ఎక్కువగా ముందువైపు, చిప్ప చుట్టూ వస్తుంది. మరీ పైకుంటే వెనక లాగుతుంది. మీరు లేపాల్సిన దానికన్నా కాస్త ఎక్కువ లేపారు, అంతే.

ఇందులో నా తప్పూ ఉంది. పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ ఆనించి, కాలు నిటారుగా చాచి చూడమన్నాను. రోజూ వేసుకునే చెప్పులతోనే చూడాలని రాయలేదు. ఒకాయన మందపాటి వాకింగ్ షూస్‌తో కొలిచి, పల్చటి చెప్పులతో తొక్కారు. అడుగుల మందంలో ఎంత తేడా ఉందో సీటు అంత ఎక్కువైపోయింది. ఇంకొకరు నడుం పక్కకు వంచి మడమ అందించుకున్నారు. మీరు తొక్కుతుంటే ఇంట్లో ఎవరినైనా వెనక నిలబడి చూడమనండి. నడుం అటూ ఇటూ ఊగుతోందంటే సీటు ఎక్కువున్నట్టే. 5 మి.మీ. దించి వారం తొక్కండి. ఒకేసారి 2 సెం.మీ. మార్చొద్దు. నేనైతే సీటు రాడ్డుకు కరెంటు టేపు చుట్టి పెట్టుకుంటాను, పాత ఎత్తు ఎక్కడో వెతుక్కోనక్కర్లేదు.

ఇక పాదం. వేళ్ల మొదళ్ల దగ్గరి మెత్తటి భాగం పెడల్ ఇరుసు మీద పడాలి. పెడల్‌కు సుద్దముక్క రుద్ది నాలుగు వీధులు తిరిగి రండి, చెప్పు అడుగున గుర్తు ఎక్కడ పడిందో తెలుస్తుంది. పిక్క పట్టేసేవాళ్లు పాదాన్ని ఒక సెంటీమీటరు ముందుకు జరుపుకోవచ్చు.

నన్ను బాధపెట్టే పొరపాటు ఒకటుంది: రెండు పాదాలూ సైకిల్‌కు సమాంతరంగా, గీత గీసినట్టు ఉండాలనుకోవడం. ఉండక్కర్లేదు. ఎత్తైన బల్ల మీద కూర్చుని కాళ్లు వేలాడేయండి. పాదాలు ఎటు తిరిగి ఉన్నాయో చూడండి. చాలామందికి కాస్త బయటికి తిరిగి ఉంటాయి, రెండూ ఒకేలా కూడా ఉండవు. నా కుడి పాదం ఎడమ దానికన్నా ఎక్కువ తిరిగి ఉంటుంది. మోకాలు ముఖ్యంగా తలుపు బందులా మడుచుకునే కీలు. బరువు పడుతుండగా మెలితిప్పితే ఓర్చుకోలేదు. పాదాన్ని బలవంతంగా తిన్నగా పెడితే ఆ మెలిక మోకాలికే చేరుతుంది. ఒక షాపులో నా క్లీట్లు, అంటే బూటు అడుగున ఉండి పెడల్‌కు పట్టుకునే బిళ్లలు, తిన్నగా బిగించి పంపారు. మూడు వారాల్లో కుడి మోకాలి లోపలి అంచు మెట్లెక్కితే సూది గుచ్చినట్టయ్యేది. క్లీట్ తిప్పి, మడమను లోపలికి రానిచ్చాక నెమ్మదిగా తగ్గింది.

క్లీట్లు వాడేవాళ్లు పాదం కొంచెం కదలనిచ్చేవే కొనండి. షిమానో కంపెనీ రోడ్డు సైకిల్ క్లీట్లలో పసుపువి 6 డిగ్రీలు కదలనిస్తాయి, నీలంవి 2, ఎరుపువి అసలు కదలనివ్వవు. మన వయసులో ఎరుపువి వద్దు. నన్నడిగితే మామూలు వెడల్పాటి పెడల్ అన్నిటికన్నా మేలు, పాదం తన చోటు తానే వెతుక్కుంటుంది.

మోకాలు వాచినా, వేడిగా ఉన్నా, మధ్యలో పట్టేసినట్టు ఆగిపోయినా సీటూ పెడలూ ముట్టుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

అభ్యాసం: సీటు దించాల్సినవాళ్లు దించి ఆ వారం గడిచాకే మొదలుపెట్టండి. పది రోజులు, రోజూ 5 కి.మీ., తేలిక గేరులో, చదును రోడ్డు మీద. ఈ పది రోజుల్లో మార్చేది పాదం ఒక్కటే, అదీ మొదటి రోజే. నొప్పి ఏ కాలిలో, ముందా వెనకా లోపలా బయటా, తొక్కుతున్నప్పుడా, మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడా అన్నది ఏ రోజుకారోజు నోటుపుస్తకంలో రాయండి. నొప్పి లేని రోజు కూడా "లేదు" అని రాయండి. వచ్చే పాఠానికి ఆ పుస్తకం కావాలి.