రైతు భరోసా పైసలు పడ్డాక: మూడెకరాల ఇంట్లో లెక్క ఎలా వేసుకోవాలి

తెలంగాణలో పట్టా పాసుబుక్ ఉన్న రైతుకు రైతు భరోసా కింద పెట్టుబడి సాయంగా సీజన్‌కు ఎకరానికి 6,000 రూపాయలు వస్తాయి. 2018 మే నెలలో రైతుబంధు పేరుతో మొదలైనప్పుడు 4,000 ఉండేది, అప్పుడు చెక్కులు ఇచ్చారు. తర్వాత 5,000 అయింది, 2025 జనవరి నుంచి 6,000 చేశారు. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ దీనికి వేరు: ఏడాదికి 6,000, మూడు విడతల్లో 2,000 చొప్పున. మాకు జనగామ వైపు మూడెకరాల చెల్క (మెట్ట భూమి) ఉంది, పత్తి వేస్తాం. అంటే వానాకాలానికి మా ఇంటికి వచ్చేది 18,000. మా మహిళా సంఘం పుస్తకాలు నేనే రాస్తాను కాబట్టి మా ఇంటి లెక్కతో పాటు ఊళ్లో చాలా ఇళ్ల లెక్కలు నాకు తెలుసు. ఈ డబ్బు కొన్ని ఇళ్లలో అప్పు తగ్గించింది, కొన్ని ఇళ్లలో వారం తిరక్కుండానే కనిపించకుండా పోయింది. ఆ తేడా ఎక్కడ వస్తుందో చూసే ఇది రాస్తున్నాను.

ముందుగా కాగితాలు సరిచూసుకోండి

డబ్బు పడే రోజు దాకా ఆగితే ఆలస్యం అవుతుంది. మే నెలలోనే బ్యాంకుకు వెళ్లి మీ ఖాతాకు ఆధార్ లింకు అయిందా, ప్రభుత్వ డబ్బులు ఏ ఖాతాలో పడేలా ఉంది అని అడగండి. రెండు మూడు ఖాతాలు ఉన్నవాళ్లకు చివరగా ఆధార్ లింకు చేసిన దాంట్లో పీఎం కిసాన్ పడుతుంది, వాళ్లేమో పాత బ్యాంకు పుస్తకం పట్టుకుని డబ్బు రాలేదని టెన్షన్ పడుతుంటారు. పీఎం కిసాన్‌కు ఈ-కేవైసీ తప్పనిసరి. ఫోన్‌కు ఓటీపీ రాకపోతే మీసేవలో వేలిముద్ర వేసి చేయించుకోవచ్చు. రైతు గుర్తింపు సంఖ్య తీసుకోకపోతే మీ ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గరకు ఆధార్, పాసుబుక్, ఆధార్‌కు లింకైన ఫోన్ పట్టుకుని వెళ్లండి.

పట్టాదారు చనిపోయిన ఇళ్లకు ఒక మాట. దినాలు అయ్యాక విరాసత్‌ను, అంటే భూమిని వారసుల పేరుకు మార్చుకోవడాన్ని, వాయిదా వేయకండి. పాసుబుక్ మారేదాకా సాయం ఆగిపోతుంది. అన్నదమ్ముల మధ్య మాట కుదరక రెండు మూడు సీజన్లు పోగొట్టుకున్న ఇళ్లు మా ఊళ్లోనే ఉన్నాయి.

పడిన డబ్బును ముందు విత్తనానికి, ఎరువుకు కట్టండి

ఇదే అసలు సంగతి, అందుకే కొంచెం వివరంగా రాస్తాను. పత్తికి ఎకరానికి రెండు ప్యాకెట్ల విత్తనం. 2025లో బీజీ-2 ప్యాకెట్‌కు కేంద్రం పెట్టిన గరిష్ఠ ధర 901. మూడెకరాలకు ఆరు ప్యాకెట్లు, 5,406. డీఏపీ ఎకరానికి ఒక బస్తా, 1,350 చొప్పున 4,050. యూరియా ఎకరానికి రెండు బస్తాలు, బస్తా 266.50 చొప్పున ఆరింటికి 1,599. మొత్తం 11,055. పద్దెనిమిది వేలలో ఇంకా 6,945 మిగులుతుంది. ఇది మొదటి కలుపు కూలికి.

ఇప్పుడు అదే సరుకు షాపులో ఉద్దెరకు (అరువుకు) తెస్తే ఏమవుతుందో చూడండి. నేను చాలా ఉద్దెర చిట్టీలు చదివాను. నగదుకు 1,350 ఉన్న డీఏపీ బస్తా చిట్టీ మీద 1,500 అని ఉంటుంది, పక్కన పెన్సిల్‌తో తేదీ. ఆ తేదీ నుంచి నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. 11,055 మీద ఆరు నెలలకు వడ్డీయే దాదాపు 1,327 అవుతుంది. దీన్ని ఎలాగోలా భరించవచ్చు. భరించలేనిది చిట్టీ అడుగున రాయని షరతు: పత్తి ఆ షాపు వాళ్లకే పోయాలి. మా మరిది ఒక ఏడాది అలాగే పోశాడు. మద్దతు ధరకు సీసీఐ (ప్రభుత్వ పత్తి సంస్థ) కొంటున్న రోజుల్లోనే క్వింటాలుకు 500 తక్కువకు ఇవ్వాల్సి వచ్చింది. ఇరవై క్వింటాళ్లకు అది 10,000. అంటే దాదాపు తెచ్చిన సరుకు విలువంత సొమ్ము మళ్లీ ధరలోనే పోయింది.

నగదు పెట్టి తెచ్చుకుంటే పంట మీద మీ మాటే చెల్లుతుంది. 2025-26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర 8,110. తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర, అది పెరిగే కొద్దీ కోత, 12 దాటితే సీసీఐ కొనదు. ఉద్దెర లేని ఇల్లు పత్తిని నాలుగు రోజులు ఎండబెట్టి, తేమ తగ్గాక తీసుకుపోగలదు. ఉద్దెర ఉన్న ఇంటికి షాపు నుంచి ఫోన్ వస్తుంది, తడి పత్తే బండికెక్కుతుంది. ఎకరానికి ఆరు వేల సాయం చేసే అతి పెద్ద పని ఈ నాలుగు రోజుల ఓపిక ఇవ్వడమే అని నా నమ్మకం.

విత్తనం కొన్నప్పుడు బిల్లు అడిగి తీసుకోండి. బిల్లు మీద లాట్ నంబర్ ఉండాలి. ఆ బిల్లు, ఖాళీ ప్యాకెట్ పంట అయిపోయే దాకా దాచండి, మొలక రాకపోతే వ్యవసాయ అధికారికి చూపించాల్సింది అవే. సంచుల్లో లూజుగా అమ్మే విత్తనం, గడ్డిమందు కొట్టినా చావదని చెప్పే విత్తనం తక్కువకు వచ్చినా తీసుకోకండి. దానికి అనుమతి లేదు, పోతే అడిగే దిక్కూ ఉండదు.

డబ్బు అనుకున్న రోజుకు రాని సీజన్లు కూడా ఉన్నాయి. వాన మాత్రం ఆగదు, మృగశిర పెట్టగానే గింజ వేయాల్సిందే. అందుకని విత్తనం వరకైనా సంఘం లోను నుంచో, మహిళా సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి నుంచో ముందే సర్దుకుని, సాయం పడగానే అది కట్టేయండి.

ఇంట్లో ఎవరి డబ్బు?

మా భూమి అత్తమ్మ పేరు మీద ఉంది. డబ్బు అత్తమ్మ ఖాతాలో పడుతుంది, మెసేజ్ మాత్రం మా ఆయన ఫోన్‌కు వస్తుంది. చాలా ఇళ్లలో ఇలాగే ఉంటుంది, గొడవలకు మూలం కూడా ఇదే. మేము పెట్టుకున్న పద్ధతి చెప్తాను. మెసేజ్ రాగానే మా ఆయన అత్తమ్మకు పైకి చదివి వినిపిస్తాడు. బ్యాంకుకు అత్తమ్మతో పాటు నేనూ వెళ్తాను. తెచ్చిన డబ్బు ఇంట్లో అందరి ముందు లెక్కపెట్టి, విత్తనం, ఎరువుల వాటా విడిగా కట్ట కడతాం. మిగిలిన దాంట్లోంచి అత్తమ్మ బీపీ మందులకు ముందు తీస్తాం, ఆమె అడగకుండానే. ముసలివాళ్ల పేరు మీద వచ్చిన డబ్బును వాళ్లకు తెలియకుండా వాడుకునే ఇళ్లను చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

జూన్‌లోనే బడులు తెరుస్తారు, పిల్లల నోటుబుక్కులు, బూట్లు కూడా అప్పుడే. వాటిని కలుపు కూలి డబ్బులోంచి తీయకండి, పీఎం కిసాన్ 2,000 అందుకే ఆపుకోండి. దాంట్లోంచి ఒక 500 ఖాతాలోనే వదిలేయండి. మే చివరలో, బ్యాంకు ద్వారా తీసుకున్న ప్రమాద బీమాకు 20 రూపాయలు, 50 ఏళ్ల లోపు చేరినవాళ్ల జీవన బీమాకు 436 రూపాయలు ఖాతా నుంచి కట్ అవుతాయి. ఒక్కోదానికి 2 లక్షలు. ఆ రోజు ఖాతా ఖాళీగా ఉంటే బీమా ఆగిపోతుంది. పాము కాటుకు కూడా ప్రమాద బీమా వర్తిస్తుంది, ఆసుపత్రి కాగితం ఉండాలి. పత్తి చేనులో పనిచేసే ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

పాత బాకీలు

చేబదులు ఇచ్చినవాళ్లు కూడా సాయం పడిందని తెలియగానే వస్తారు. వాళ్లకు పంట మీద ఇస్తామని నిలబడి చెప్పండి. పెట్టుబడి డబ్బుతో బాకీ తీర్చి, పెట్టుబడికి మళ్లీ మూడు రూపాయల వడ్డీకి తేవడం వల్ల ఏ ఇల్లూ తేరుకోలేదు. బ్యాంకు పంట రుణం మాత్రం గడువు దాటనివ్వకండి: 3 లక్షల వరకు ఏడాదికి 7 శాతం వడ్డీ, గడువులోపు కడితే 4 శాతమే పడుతుంది. ఇంత చవక అప్పు పల్లెలో సులువుగా దొరకదు.

కౌలుకు చేసేవాళ్లు

ఈ సాయంలో నాకు నచ్చనిది ఇదే. చేను దున్నేది ఒకరు, డబ్బు పడేది పట్టాదారుకు. ఉగాదికి కౌలు మాట్లాడుకునేటప్పుడే ఈ విషయం ఎత్తండి, పంట వేశాక అడిగితే ఎవరూ వినరు. ఎకరానికి వచ్చే 6,000లో సగమైనా కౌలులో తగ్గించమని పెద్దమనుషుల ముందే అడగండి. మా పక్క చేను కౌలుకిచ్చిన టీచర్ గారు అలా తగ్గించారు, కాబట్టి అడిగితే కుదురుతుంది. భూమి ఇచ్చేవాళ్లు ఇది చదువుతుంటే, మీరు తగ్గించే ఆ మూడు వేలతో ఆ ఇంటికి విత్తనం, ఒక డీఏపీ బస్తా కలిసి దాదాపు సరిపోతాయి.

సాయం రాకపోతే ముందు ఏఈఓను అడగండి. పేరు, ఖాతా, విస్తీర్ణం మూడింటిలో ఏది తేడా వచ్చిందో ఆయన చూసి చెప్తారు. పీఎం కిసాన్‌కు 155261కు ఫోన్ చేయొచ్చు. బ్యాంకు వాళ్లు సాయాన్ని పాత బాకీ కింద పట్టుకుంటే మేనేజర్‌కు కాగితం మీద రాసి ఇవ్వండి, ఇంకో కాపీ మీద ముద్ర వేయించుకుని తెచ్చుకోండి. నోటి మాటగా అడిగితే రేపు రమ్మంటారు.