మన ఫోన్, మన సమాచారం – 3వ పాఠం: గూగుల్ దగ్గరున్న చిట్టా

పోయిన పాఠంలో యాప్‌ల పర్మిషన్లు సరిచూసుకున్నాం. ఈసారి నేరుగా గూగుల్ ఖాతాలోకి వెళ్దాం. “నా దగ్గర దాచేంత రహస్యాలేం ఉన్నాయిలే” అనేవాళ్లున్నారు, “ఈ కంపెనీలవాళ్లంతా దొంగలే” అనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ సెట్టింగ్స్ తెరిచి చూడరు! కంపెనీని నమ్మాలా వద్దా అన్న వాదన కాసేపు పక్కన పెట్టి, ఏ స్విచ్ ఏం పని చేస్తోందో చూద్దాం.

స్విచ్ పేరు చూసి మోసపోకూడదని ఎందుకంటున్నానంటే, 2018 ఆగస్టులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఒక సంగతి బయటపెట్టింది. ‘లొకేషన్ హిస్టరీ’ ఆపేసినవాళ్లు తిరిగిన చోట్లు కూడా గూగుల్‌లో నమోదవుతూనే ఉన్నాయి. కారణం, ‘వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ’ అనే ఇంకో స్విచ్. దాని పేరులో లొకేషన్ ఊసే లేదు. ఏదైనా వెతికినా, మ్యాప్స్ తెరిచినా అప్పుడు మనమున్న చోటును ఈ స్విచ్ రాసుకునేది. ఈ వ్యవహారంలో 2022 నవంబరులో అమెరికాలోని 40 రాష్ట్రాలతో గూగుల్ 39.15 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది.

ఇప్పుడు ఫోన్ తీయండి. జీమెయిల్‌లో పైన ఉండే మీ ఫొటో మీద నొక్కి, గూగుల్ ఖాతా సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ‘డేటా అండ్ ప్రైవసీ’ తెరవండి. కిందికి జరిపితే ఆ వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ కనిపిస్తుంది. వెంటనే ఆపేయకండి, ముందు లోపల ఏముందో చూడండి. తేదీల వారీగా మీరు వెతికినవి, తెరిచిన యాప్‌లు వరసగా ఉంటాయి. ఒక్కోదాని వివరాలు నొక్కితే, అప్పుడు మీరు ఏ ప్రాంతంలో ఉన్నారో కూడా కొన్నింటికి కనిపిస్తుంది. వాయిస్ రికార్డింగులు దాచే ఆప్షన్‌కు టిక్ ఉంటే, మైకు నొక్కి తెలుగులో అడిగినవి మీ గొంతుతోనే వినొచ్చు. పిల్లలు కార్టూన్ల కోసం పెట్టిన కేకలు కూడా అందులోనే ఉంటాయి. అక్కర్లేదనుకుంటే ఆ టిక్ తీసేయండి.

చాలామంది తడబడేది ఇక్కడే: ‘ఆఫ్’ నొక్కితే ఇకపై రాసుకోవడం ఆగుతుంది, పాతది మాత్రం అలాగే ఉంటుంది. అదీ పోవాలంటే ‘ఆఫ్ చేసి, యాక్టివిటీని తొలగించు’ అన్నదాన్ని ఎంచుకోవాలి. పూర్తిగా ఆపితే మ్యాప్స్, సెర్చ్ సూచనలు కాస్త మొద్దుబారతాయి. అది వద్దనుకునేవాళ్లకు నా సలహా, ‘ఆటో డిలీట్’లో 3 నెలలు పెట్టుకోండి. అక్కడ 18, 36 నెలలు కూడా ఉంటాయి, కానీ మూడేళ్ల కిందటి వెతుకులాటతో మీకు ఒరిగేదేమీ లేదు. ప్రకటనల మీద బతికే కంపెనీకి మాత్రం దానితో పని ఉండొచ్చు.

పక్కనే ఉన్న ‘టైమ్‌లైన్’ (పాత ‘లొకేషన్ హిస్టరీ’కి కొత్త పేరు), ‘యూట్యూబ్ హిస్టరీ’ కూడా ఇలాగే చూసుకోండి. ఇంట్లో అమ్మానాన్నల ఫోన్లలో కూడా చేయండి, కానీ వాళ్ల పక్కన కూర్చుని, అడిగి చేయండి. వచ్చే పాఠంలో వాట్సాప్ బ్యాకప్ సంగతి చూద్దాం. దానికి మీ ఫోన్‌లో ఉన్న గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ మీకు గుర్తుందో లేదో ఈలోగా చూసి ఉంచుకోండి.