ఎల్క్ వేటకు తూటా: ముందు మీ భుజాన్ని అడగండి

"అన్నా, ఎల్క్‌కి 300 విన్‌మ్యాగ్ తీసుకోనా?" అమెరికాలో కొలరాడో రాష్ట్రం డెన్వర్‌లో మన కుర్రాళ్లు మొదట అడిగేది ఇదే. ఎల్క్ అంటే భారీ జింక జాతి జంతువు, 300 విన్‌మ్యాగ్ అంటే పేలగానే తుపాకీ భుజాన్ని గట్టిగా తన్నే 'మ్యాగ్నమ్' రకం తూటా. వద్దు. ఆ పొరపాటు నేను చేసేశాను.

కాల్పులు సాధన చేసే రేంజ్‌లో రెండో పెట్టె తూటాలు అయ్యేసరికే, ట్రిగ్గర్ మీద వేలు పడగానే కళ్లు వాటంతటవే మూసుకుపోయేవి. ఓ రోజు ముఖం స్కోపుకి, అంటే తుపాకీ మీది దుర్భిణికి, మరీ దగ్గరగా పెట్టాను. తుపాకీ వెనక్కి తన్నగానే దాని అంచు కనుబొమ్మ మీద నెలవంకలా కోసింది. మా ఆవిడ ఇప్పటికీ దాన్ని మ్యాగ్నమ్ బొట్టు అంటుంది.

మీరు జంకుతున్నారో లేదో తేలాలంటే, మీకు తెలియకుండా అసలు తూటాల మధ్య ఒక డమ్మీ (పేలని ఉత్తుత్తి తూటా) పెట్టమని పక్కవాళ్లకి చెప్పండి. డమ్మీ వచ్చినప్పుడు 'టిక్' మంటుందంతే. అప్పుడు గొట్టం మూతి కిందికి ఊగిందా, ఆ తూటా మీకు ఎక్కువే.

తూటా అంటే మందుతో సహా మొత్తం, బుల్లెట్ అంటే అందులోంచి ఎగిరే గుండు. కొలరాడో రూల్ ప్రకారం ఎల్క్‌కి కనీసం 6 మిల్లీమీటర్ల మందం బుల్లెట్, 85 గ్రెయిన్ల బరువు, తగిలాక విచ్చుకునే రకం, 100 గజాల దగ్గర 1000 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలి. 300 కిలోల మగ ఎల్క్ ముందు అవి పాస్ మార్కులే. తాకేచోట 1500 ఫుట్-పౌండ్లు ఉంటేనే నేను కాలుస్తాను. గ్రెయిన్లంటే కంగారు వద్దు, 180 గ్రెయిన్లు సరిగ్గా మన పాత తులం, 11.66 గ్రాములు.

ఇప్పుడు నాది 1906లో పుట్టిన 30-06 అనే తూటా, ఆ తులం బరువు బుల్లెట్టే. సెకనుకి దాదాపు 2700 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. అదీ గట్టిగా తన్నుతోందనిపిస్తే 308 రకం తూటా తీసుకోండి. 250 గజాల్లోపు ఎల్క్‌కి ఆ తేడా తెలియదు. 6.5 క్రీడ్‌మూర్ అనే చిన్న తూటా భుజానికి ఇంకా హాయి. జింకకి బాగుంటుంది కానీ, ఎల్క్ అయితే దగ్గర్లో, పక్కకి తిరిగి నిలబడ్డప్పుడే.

అసలు తూటా పేరు కన్నా బుల్లెట్ తయారీ చూడాలి. పల్చటి పొరదైతే భుజం ఎముకకి తగిలి పైపైనే చితికిపోతుంది. బాండెడ్ (లోపలి సీసం, పైపొర విడిపోకుండా అతికించినది) గానీ, మొత్తం రాగిది గానీ కొనండి. రాగిదైతే మాంసంలో సీసం తునకలుండవు. మా పిల్లలూ తింటారు కాబట్టి ఈసారి నేనూ దానికే మారుతున్నా.

ఏది కొన్నా అదే రకం నాలుగైదు పెట్టెలు ఒకేసారి తెచ్చుకోండి. బుల్లెట్ మారితే తగిలేచోటు మారుతుంది, మళ్లీ జీరో చెయ్యాలి, అంటే గురి పెట్టినచోటే తగిలేలా స్కోపు సరిచెయ్యాలి. జీరో అయ్యాక మాత్రం, రేంజ్‌లో తుపాకీ ఆన్చి కాల్చే బెంచీ వదిలేసి, కూర్చుని మోకాళ్ల మీద మోచేతులాన్చి కాల్చడం అలవాటు చేసుకోండి. కొండ మీద బెంచీ ఉండదు.