ఎండలు ముదరక ముందే సైకిల్ హెల్మెట్ సంగతి చూసుకోండి

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు కదా, ఆ తర్వాతే మన దగ్గర సైకిల్ తొక్కేవాళ్లకు అసలు కష్టకాలం మొదలవుతుంది. ఉదయం ఏడింటికే చెమటలు. హైదరాబాద్‌లో గండిపేట వైపు వెళ్లే దారిలో ప్రతి మార్చిలోనూ ఒకటే దృశ్యం చూస్తుంటాను. ఫిబ్రవరి దాకా బుద్ధిగా తల మీద ఉన్న హెల్మెట్లు ఒక్కొక్కటిగా హ్యాండిల్‌కు వేలాడటం మొదలవుతుంది. అడిగితే అందరిదీ ఒకటే సమాధానం: "ఉక్కపోస్తోంది అన్నా, రోడ్డు ఖాళీగానే ఉంది కదా."

రెండేళ్ల కింద మాతో తొక్కే ఒక కుర్రాడు అలాగే హ్యాండిల్‌కు తగిలించుకుని సర్వీసు రోడ్డు మలుపులో ఇసుక మీద జారి పడ్డాడు. పెద్ద వేగమేమీ లేదు, వెనక బండి ఏదీ రాలేదు. కుడి కణత పైన తొమ్మిది కుట్లు పడ్డాయి, రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. తర్వాత ఆ హెల్మెట్ చేతిలోకి తీసుకుని చూశాను. గుండ్రంగా బోర్లించిన చట్టిలా ఉంది, పైన నాలుగు చిన్న కన్నాలు, లోపల గాలి కదిలే దారే లేదు. అది స్కేటింగ్ చేసేవాళ్లు పెట్టుకునే రకం. మన ఏప్రిల్‌లో దాన్ని గంటసేపు తల మీద ఉంచుకోమనడం నిజంగా కష్టమే. తప్పు వాడిది మాత్రమే అనలేకపోయాను. అప్పటి నుంచి కొత్తవాళ్లు ఎవరడిగినా నేను చెప్పేది ఇదే. గాలి ఆడటం, తలకు సరిగ్గా సరిపోవడం సుఖం కోసం అనుకోకండి, అవి కూడా భద్రతలో భాగమే. ఇబ్బంది పెట్టే హెల్మెట్‌ను ఏదో ఒక రోజు తీసేస్తారు, ఏ రోజు పడతారో మాత్రం ఎవరికీ తెలియదు.

ఎండ బాధ ప్రొఫెషనల్ రేసర్లకూ ఉంది. 2003 మార్చిలో పారిస్-నీస్ రేసులో కజకిస్తాన్‌కు చెందిన ఆండ్రీ కివిలెవ్ హెల్మెట్ లేకుండా పడి చనిపోయాకే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య రేసుల్లో హెల్మెట్ తప్పనిసరి చేసింది. అప్పుడు కూడా రేసు చివర్లో వచ్చే పొడవాటి ఎత్తు మీద వేడికి తీసేయొచ్చని కొంతకాలం వెసులుబాటు ఇచ్చి, తర్వాత దాన్నీ ఎత్తేశారు. ఈ ఇరవై ఏళ్లలో హెల్మెట్లు చాలా మారాయి, మంచివి ఇప్పుడు పావుకిలో నుంచి మూడు వందల యాభై గ్రాముల లోపే ఉంటున్నాయి. కాబట్టి మనకు సాకు తక్కువ.

ముందు అది ఎలా పనిచేస్తుందో తెలుసుకుంటే కొనేటప్పుడు తికమక ఉండదు. పైన కనిపించే ప్లాస్టిక్ పెంకు పలచటిది. అసలు పని చేసేది లోపలున్న గట్టి నురుగు, మన థర్మాకోల్ జాతిదే గానీ ఇంకా చిక్కగా ఉంటుంది. తల నేలను తాకినప్పుడు అది నలిగిపోతూ దెబ్బ తీవ్రతను తనలోకి తీసుకుంటుంది. ఒకసారి నలిగితే మళ్లీ పూర్వస్థితికి రాదు, అందుకే గట్టిగా పడిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా దాని పని అయిపోయినట్టే. ఇచ్చేయడం, అమ్మేయడం కూడా చేయొద్దు, పట్టీలు కోసి పారేయండి, లేకపోతే ఎవరో ఒకరు పెట్టుకుంటారు. ఇదే కారణంతో సెకండ్‌హ్యాండ్ హెల్మెట్ కొనొద్దని చెబుతాను, అది ఎన్నిసార్లు పడిందో మనకు తెలియదు కదా.

షాపులో మొదట హెల్మెట్‌ను తిరగేసి లోపలి లేబుల్ చదవండి. యూరప్ ప్రమాణమైతే ఈఎన్ 1078, అమెరికాదైతే సీపీఎస్‌సీ అని ఉండాలి. యూరప్ పరీక్షలో దాదాపు మీటరున్నర ఎత్తు నుంచి, అమెరికా పరీక్షలో రెండు మీటర్ల ఎత్తు నుంచి లోపల తలబొమ్మ పెట్టి చదును ఇనుప దిమ్మె మీద పడేస్తారు, రోడ్డు పక్క గట్టులాంటి అంచు మీద వేరేగా పడేస్తారు. సీటు మీద కూర్చున్న మనిషి తల నేలకు తగిలే ఎత్తు సుమారుగా అంతే. అంటే ఇది సైకిల్ మీద నుంచి పడినప్పటి దెబ్బను దృష్టిలో పెట్టుకుని చేసినది, లారీ గుద్దినా ఏమీ కాదనే ధైర్యం దీన్ని చూసుకుని తెచ్చుకోకూడదు. ఐఎస్ఐ గుర్తుతో వచ్చే ఐఎస్ 4151 మోటారు బండి హెల్మెట్లకు సంబంధించినది, సైకిల్ హెల్మెట్లకు కాదు. ఇంకో మోసం ఉంది, జాగ్రత్త. ఆన్‌లైన్‌లో ఐదారు వందలకు దొరికే కొన్నిటి మీద యూరప్ నిబంధనలకు సరిపోతుందని చెప్పే సీఈ గుర్తు పెద్దగా వేసి, పక్కన చిన్న అక్షరాల్లో ఈఎన్ 812 అని రాస్తారు. అది ఫ్యాక్టరీలో తల పైకప్పుకు తగలకుండా పెట్టుకునే టోపీల ప్రమాణం. రోడ్డు మీద పడటానికీ దానికీ సంబంధం లేదు. లేబుల్ లేకపోతే, లేదా షాపతను "అన్నీ ఒకటే సార్" అంటే, అక్కడ కొనకండి.

ఇప్పుడు సైజు. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే కాబట్టి ఓపిగ్గా చదవండి. ఇంట్లోనే దర్జీ టేపు తీసుకుని కనుబొమలకు రెండు వేళ్లు పైన, వెనక పెడతల ఉబ్బెత్తు మీదుగా తల చుట్టూ కొలవండి, సెంటీమీటర్లలో రాసుకోండి. మీడియం అంటే ఒక కంపెనీకి 55-59, ఇంకో కంపెనీకి 52-58 ఉంటుంది, అందుకే అక్షరం చూసి కాదు అంకె చూసి కొనాలి. తల ఆకారం కూడా ముఖ్యమే. కొందరి తల గుండ్రం, కొందరిది కోల. నుదుటి మీద, పెడతల మీద మాత్రమే నొక్కుతూ కణతల దగ్గర వదులుగా ఉంటే ఆ మోడల్ మీకు మరీ గుండ్రం. కణతలు పట్టేసి ముందూ వెనకా ఖాళీ ఉంటే మరీ కోల. సైజు మారిస్తే ఇది తీరదు, మోడల్ మార్చాలి.

తల మీద పెట్టుకున్నాక ముందు అంచు కనుబొమలకు రెండు వేళ్ల ఎత్తులో, నేలకు సమాంతరంగా ఉండాలి. అందం కోసమో, గాలి కోసమో వెనక్కి నెట్టి పెట్టుకోవడం మన దగ్గర బాగా అలవాటు. ముందుకు బోర్లా పడితే మొదట తగిలేది నుదురే, అది అలా వదిలేశాక హెల్మెట్ ఉండి ఏం లాభం? వెనకున్న డయల్ తిప్పి బిగించి, పట్టీ కట్టకుండానే తల వంచి అటూ ఇటూ ఊపండి. జారిపోతే వదులు. ఊపినప్పుడు హెల్మెట్‌తో పాటు నుదుటి చర్మం కూడా కాస్త కదిలితే సరిగ్గా కూర్చున్నట్టు. డయల్‌ను చివరిదాకా తిప్పితే గానీ బిగియడం లేదంటే ఒక సైజు తగ్గించండి.

తర్వాత పట్టీలు. చెవి తమ్మె కింద రెండు పట్టీలూ వి ఆకారంలో కలవాలి, చెవి మీదుగా పోకూడదు. గడ్డం కింద ఒక వేలు మాత్రం దూరాలి. అప్పుడు నోరు పెద్దగా తెరిచి ఆవులించండి, హెల్మెట్ మాడు మీద కాస్త కిందికి లాగినట్టు అనిపించాలి. చివరగా బొటనవేలితో ముందు అంచును పైకి నెట్టి చూడండి. నుదురంతా బయటపడేలా వెనక్కి పోతోందంటే చెవి ముందు పట్టీ బిగించాలి. ఇవన్నీ చేశాక షాపులోనే పదిహేను నిమిషాలు తీయకుండా అలాగే తిరగండి. మొహమాటపడొద్దు. ఐదో నిమిషంలో చిన్నగా అనిపించే నొక్కుడు యాభయ్యో కిలోమీటరులో తలనొప్పి అవుతుంది. జడ వేసుకునేవాళ్లు రోజూ ఎలా తొక్కుతారో అలాగే జడ వేసుకుని వెళ్లి చూడండి, నడినెత్తి మీద కొప్పుతో ఏ హెల్మెటూ సరిగ్గా కూర్చోదు, ముడి మెడ దగ్గరికి దించాలి.

గాలి విషయానికొస్తే, ఇరవై కన్నాలు, ఇరవై నాలుగు కన్నాలు అని డబ్బా మీద రాసిన లెక్కను పట్టించుకోకండి. గాలి ముందు నుంచి లోపలికి రావాలి, తల మీదుగా పారాలి, వెనక నుంచి బయటికి పోవాలి. కాబట్టి లోపల ముందు నుంచి వెనక దాకా లోతుగా కాలువల్లాంటి గాడులు ఉన్నాయా అని చూడండి. ముందు కన్నాలు నుదుటికి ఎదురుగా పెద్దగా తెరుచుకుని ఉండాలి, వెనకవి కూడా పెద్దవిగా ఉండాలి. కొన్నిటికి పైన కన్నాలు బోలెడు ఉంటాయి, లోపల గాడి మాత్రం ఉండదు, నురుగు నేరుగా మాడుకు అతుక్కుంటుంది. అవి చల్లగా ఉండవు. నేను చేసే పరీక్ష ఒకటి చెబుతాను. హెల్మెట్ పెట్టుకుని షాపులో ఫ్యాన్‌కు ఎదురుగా నిలబడి తల కొద్దిగా వంచండి, సైకిల్ తొక్కేటప్పుడు వంచినట్టు. గాలి జుట్టులోంచి పెడతల దాకా తెలిస్తే అది మన వాతావరణానికి పనికొస్తుంది. నుదుటి దగ్గరే ఆగిపోతే వద్దు.

ఇక్కడ ఇంకో మాట. వికారాబాద్ దగ్గరి అనంతగిరి ఎత్తు ఎక్కేటప్పుడు వేగం గంటకు ఎనిమిది, పది కిలోమీటర్లే. ఆ వేగంలో గాలి దానంతట అది లోపలికి రాదు, ఎంత తెరిచి ఉంటే అంత మేలు. రేసర్లు వాడే, కన్నాలు దాదాపు లేని నున్నటి ఏరో హెల్మెట్లు చూడ్డానికి భలే ఉంటాయి గానీ రామగుండం, విజయవాడ వైపు మే నెలలో 45 డిగ్రీల దాకా పోయే ఎండలో వాటి జోలికి పోకండి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పుతో ఉన్న 23 కిలోమీటర్ల ట్రాక్ మీద నీడ ఉంటుంది, వేడి గాలి మాత్రం తగ్గదు, ఆ నీడను చూసి హెల్మెట్ తీసేసేవాళ్లనూ చూశాను. చెమట కళ్లలోకి కారుతోందంటే హెల్మెట్ కింద పలచటి కాటన్ గుడ్డ గానీ సైక్లింగ్ క్యాప్ గానీ చాలు. మందపాటి టోపీ మీద పెడితే కొలతంతా పోతుంది.

మిప్స్ అనే పసుపు చుక్క గుర్తు గురించి చాలామంది అడుగుతారు. లోపల పలచటి పొర ఒకటి వేరుగా ఉండి, తల ఏటవాలుగా నేలను తాకినప్పుడు హెల్మెట్‌ను ఒక సెంటీమీటరు, ఒకటిన్నర దాకా జరగనిస్తుంది, దాంతో మెదడుకు పట్టే మెలిక తగ్గుతుంది. స్వీడన్‌లో పుట్టిన ఆలోచన. డబ్బు ఉంటే తీసుకోండి. అయితే ఆ పొర గాలి కన్నాలకు అడ్డం పడుతోందేమో చూడండి. నా లెక్కలో మిప్స్ ఉన్న వదులు హెల్మెట్ కంటే మిప్స్ లేకుండా సరిగ్గా కూర్చున్నదే మేలు. ధర పెరిగేకొద్దీ సాధారణంగా బరువు తగ్గుతుంది, గాలి పెరుగుతుంది, అంతేగానీ అన్నీ పాసవ్వాల్సిన దెబ్బ పరీక్ష ఒకటే.

ఇంట్లో పాతది ఉంటే ఈ వారమే తీసి చూడండి. తయారైన తేదీ లోపల ఉంటుంది. కంపెనీలు మూడు నుంచి ఐదేళ్లకు మార్చమంటాయి, రోజూ వాడేవాళ్లకు అది సబబైన లెక్కే. నురుగులో వెంట్రుకంత చీలిక కనిపించినా పక్కన పెట్టండి. ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు మీద, డిక్కీలో ఉంచొద్దు, ఆ వేడికి నురుగు, జిగురు పాడవుతాయి. పెట్రోలుతో, థిన్నర్‌తో తుడవొద్దు, రంగులు వేయొద్దు. కొబ్బరినూనె రాసిన తలకు లోపలి మెత్తలు త్వరగా కంపు కొడతాయి, వారానికోసారి ఊడదీసి మామూలు సబ్బునీళ్లతో ఉతికి నీడలో ఆరేయండి. తొలకరి వానలు పడ్డాక ఉసిళ్లు, తేనెటీగలు ముందు కన్నాల్లోంచి లోపలికి దూరతాయి. ముందు సన్నటి వల ఉన్న మోడల్ దొరికితే మంచిది.

వేసవి సెలవుల్లో పిల్లలకు సైకిల్ కొనిచ్చేవాళ్లకు రెండు ముక్కలు. ఎదుగుతాడులే అని పెద్ద సైజు కొనకండి, చెప్పులూ కాదు, యూనిఫాం కూడా కాదు అది. ఇవాళ్టి తలకే సరిపోవాలి. ఇంకోటి, సైకిల్ దిగి చెట్టు ఎక్కేటప్పుడు, పార్కులో జారుడుబల్ల ఎక్కేటప్పుడు హెల్మెట్ తప్పకుండా తీయించండి. ఎక్కడైనా ఇరుక్కుంటే పట్టీ గొంతుకు బిగుసుకుంటుంది. స్కూటీకి సైకిల్ హెల్మెట్ పనికిరాదు, స్కూటీ హెల్మెట్‌తో సైకిల్ తొక్కితే కిలోకు పైన బరువుతో మెడ పట్టేస్తుంది, లోపల ఉడికిపోతారు. రెండూ విడివిడిగా ఉండాల్సిందే.

పడితే ఏం చేయాలన్నది కూడా ఇప్పుడే అనుకుని ఉంచండి, ఆ క్షణంలో బుర్ర పనిచేయదు. తలకు తగిలిందంటే హెల్మెట్ ఉన్నా సరే, లేచి మళ్లీ తొక్కుకుంటూ ఇంటికి రావొద్దు, ఎవరినైనా పిలవండి. వాంతి, మాట తడబడటం, మగత, పెరుగుతున్న తలనొప్పి, ఏం జరిగిందో గుర్తు లేకపోవడం, వీటిలో ఏ ఒక్కటున్నా 108కి ఫోన్ చేయండి. ఒంటరిగా తొక్కేవాళ్లు ఇంట్లోవాళ్ల నంబరు, రక్తం గ్రూపు ఒక కాగితం మీద రాసి, తడవకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి జెర్సీ జేబులో ఉంచుకోండి. ఫోన్ పగిలిపోయినా, లాక్ తెరుచుకోకపోయినా ఆ కాగితం చూసి ఎవరైనా మీ ఇంటికి ఫోన్ చేయగలుగుతారు.