కీమో రోజుల్లో వంటగది తలుపుకు ఒక కాగితం

ఇంట్లో ఎవరికైనా కీమో, అంటే క్యాన్సర్‌కు మందులతో చేసే చికిత్స, జరుగుతుంటే "ఏ సాయం కావాలన్నా అడగండి" అని చుట్టాలు, ఇరుగుపొరుగు మనస్ఫూర్తిగానే అంటారు. కానీ ఆ అలసటలో ఎవరిని ఏమి అడగాలో తోచదు. అమ్మకు చికిత్స జరిగినప్పుడు మేము వంటగది తలుపుకు ఒక కాగితం అంటించాం. మంగళవారం ఆసుపత్రికి తోడు పిన్ని, రక్తపరీక్ష రిపోర్టు తేవడం తమ్ముడు, పిల్లలను బడి నుంచి తీసుకురావడం ఎదురింటి వదిన. పేరు రాసి ఉన్న పనిని ఎవరూ మరచిపోలేదు.

వండి తెచ్చేవాళ్లకు ముందే చెప్పండి, అప్పుడే వండినది, కారం తక్కువగా, కొంచెమే తెమ్మని. పోపు వాసనకే అమ్మకు కడుపులో తిప్పేది. పక్కింటి నుంచి వచ్చిన మెత్తని పెసరపప్పు అన్నం మాత్రం నాలుగు ముద్దలు తినేది. స్టీలు చెంచాతో తింటే నోరంతా ఇనుము రుచిగా ఉందంటే ప్లాస్టిక్ చెంచా ఇచ్చాం.

కాగితం పైభాగాన ఎర్ర సిరాతో ఇది తప్పకుండా రాయండి: జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే అర్ధరాత్రయినా వెంటనే ఆసుపత్రికి. కీమో తరువాత సాధారణంగా ఒకటి రెండు వారాల మధ్య, రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు బాగా తగ్గిపోతాయి; అందుకే ఆ జ్వరం ప్రమాదం. మాత్ర వేసి తెల్లవారేదాకా చూద్దామని ఆగవద్దు.

జలుబు, దగ్గు ఉన్నవాళ్లు రాకుండా ఫోను చేస్తే చాలు. మా పెద్దమ్మ రోజూ రాత్రి 8 గంటలకు ఫోను చేసి, జబ్బు ఊసెత్తకుండా పెరట్లో మల్లెల సంగతులు చెప్పేది. ఏడున్నర నుంచే అమ్మ ఫోను పక్కన పెట్టుకుని కూర్చునేది.